ఆరబెట్టిన మాత్రలు

జూన్ 3, మంగళవారం

నాకు రక్తపోటు లేదు. ఉన్నది ఒక అంకె మాత్రమే. గుండె డాక్టరు ఆ అంకెను కాగితం మీద రాసి, కింద రెండు గీతలు గీశాడు. దాన్ని ఇక్కడ రాయను. రాస్తే అది నాదైపోతుంది.

"మాష్టారూ, మీకు నేను చెప్పేదేముంది? నర్సులకి మందుల పాఠం చెప్పేదే మీరు. రోజూ పొద్దున్నే ఒకటి. మానకూడదు" అన్నాడు. నాకన్నా బాగా చిన్నవాడు. మీసం కూడా ఇంకా సరిగ్గా కుదురుకోలేదు.

"మానరు. నేను చూసుకుంటాను" అంది మా ఆవిడ. ఆవిడ హైస్కూల్లో ఆటల టీచరు. స్కూలు నుంచి నేరుగా వచ్చిందేమో, మెడలో ఈల అలాగే వేలాడుతోంది. ఆవిడ చూసుకుంటానంటే ఇక నా పని అయిపోయినట్టే.

ఇరవయ్యేళ్ళకు పైగా నర్సింగ్ స్కూల్లో ఫార్మకాలజీ చెబుతున్నాను. ఏ మాత్ర ఎక్కడ కరుగుతుంది, కాలేయం దగ్గర ఎంత నష్టపోతుంది, మిగిలింది ఎటు ప్రయాణం చేస్తుంది, ఏ తలుపు తట్టి లోపలికి వెళ్తుంది, అంతా నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అటువంటివాణ్ణి కూచోబెట్టి మాత్ర మింగమంటే ఎలా? వంటవాణ్ణి పట్టుకుని పొయ్యిలో పెట్టినట్టుంది.

జూన్ 4, బుధవారం

మింగలేకపోయాను.

ప్రయత్నం చేయలేదని కాదు. ఆవిడ గ్లాసుతో ఎదురుగా నిలబడింది. మాత్ర నాలుక మీద పెట్టుకున్నాను. పెట్టుకోగానే అది లోపలికి వెళ్ళే దారంతా నా కళ్ళకు కట్టింది. నా గొంతు, నా పొట్ట, నా కాలేయం, అన్నీ బోర్డు మీద బొమ్మల్లాగే కనిపించాయి, కింద పేర్లతో సహా. గొంతు బిగుసుకుపోయింది. మాత్రను దవడకూ చిగుళ్ళకూ మధ్యకు తోసేసి నీళ్ళు మాత్రం తాగాను.

"మింగారా?"

"ఊఁ."

"నోరు తెరవండి."

తెరిచాను. ఆవిడ నాలుక చూసింది గాని దవడ చూడలేదు. దవడ కూడా ఒక మార్గమే, కొన్ని మందులు అక్కడే పెట్టుకుంటారు. ఆవిడకు అది తెలియదు, ఆవిడ చదివింది వేరే.

పెరటి గదిలోకి వెళ్ళి మాత్రను బయటికి తీశాను. తడిగా ఉంది. తడి మాత్రను చెత్తబుట్టలో వేస్తే ఆవిడ కంట పడుతుంది. అందుకని కిటికీ గట్టు మీద ఆరబెట్టాను. ఆరాక క్లాసులో చూపించడానికి పనికొస్తుంది.

సాయంత్రం చూస్తే మాత్ర లేదు. పిచ్చుక ఎత్తుకుపోయి ఉంటుంది.

జూన్ 6, శుక్రవారం

పిచ్చుక కాదు.

మా బావమరిది. లిఫ్టు మెకానిక్. తన గది పైకప్పు కారుతోందని నెల రోజులుండి పోతానని వచ్చాడు. పైకప్పు బాగుచేసి యుగాలైంది, వీడు మాత్రం ఇక్కడే ఉన్నాడు. మంచివాడే. ఒకటే జబ్బు, తనకు ఏదో ఒక జబ్బుందనుకోవడం. "బావా, ఇక్కడ పట్టినట్టుంది చూడు", "బావా, నా నాలుక రంగు మారిందా?" అంటూ చెవిలో జోరీగలా తిరుగుతాడు. "నీకేం లేదు, పో" అంటాను. డాక్టర్లూ అదే అన్నారు. ఎవరూ మందు ఇవ్వరు. అందుకని ఇంట్లో ఎవరి మందు మిగిలినా వాడే పూర్తి చేస్తాడు. మా ఆవిడ పంటికి వాడగా మిగిలిన బిళ్ళలు, గడువు దాటిన టానిక్కు, ఒకసారి పక్కింటి కుక్క నులిపురుగుల మందు. "మందంటే పారేసేది కాదు బావా" అంటాడు. కుక్క మందు తాగాక మూడు రోజులు చాలా ఉత్సాహంగా ఉన్నాడు.

ఈరోజు పొద్దున్న కిటికీలోంచి చూశాను. గట్టు మీది మాత్రను రెండు వేళ్ళతో ఎత్తి, గౌరవంగా నాలుక మీద పెట్టుకుని, చేతిలోని గ్లాసు ఎత్తి గటగటా తాగాడు. ఎంత సులభంగా మింగాడో!

నేను ఎవరికీ ఏ మందూ ఇవ్వలేదు. కిటికీ గట్టు మీద పెట్టాను. అంతే.

జూన్ 9, సోమవారం

క్లాసులో మందులిచ్చే మార్గాలు చెప్పాను. నోటి ద్వారా. నాలుక కింద. చర్మం మీద పట్టీలా. పీల్చడం. కండలోకి, సిరలోకి సూది. పురీషనాళం గురించి చెప్పేటప్పుడు వెనక బెంచీల్లో ఎప్పటి నవ్వే. ఇన్ని మార్గాలుండగా నా మాత్రకు నోరొక్కటే గతి కావడం అన్యాయం. డాక్టరుకు ఫోన్ చేసి, ఇదే మందు పట్టీ రూపంలో దొరుకుతుందా అని అడిగాను.

"నోరు బానే ఉందిగా మాష్టారూ?" అన్నాడు.

తరవాత మందు ఇచ్చేముందు చూసుకోవాల్సిన ఐదు సంగతులు చెప్పాను. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ. మొదటి బెంచీ అమ్మాయి లేచింది. ఆ అమ్మాయికి మార్కుల మీద తప్ప లోకంలో దేని మీదా ఆసక్తి లేదు.

"సార్, ఐదింట్లో నాలుగు కరెక్టయితే ఎన్ని మార్కులు?"

"నాలుగు" అన్నాను.

కిటికీ గట్టు సంగతి కూడా అంతే కదా. మందు సరైనదే. మోతాదు సరైనదే. వేళకే వెళ్తోంది, నోటి ద్వారానే వెళ్తోంది. నాలుగు వచ్చాయి.

జూన్ 14, శనివారం

బావమరిదికి దగ్గు. పొడి దగ్గు. తెమడ లేదు, జ్వరం లేదు, ఊరికే ఖళ్ ఖళ్. నా మాత్ర రకం మందులకు పొడి దగ్గు తెప్పించే గుణముంది. కాని పొడి దగ్గుకు వెయ్యి కారణాలుంటాయి. లిఫ్టు గోతుల్లో దుమ్ము ఉంటుంది.

ఇంట్లోకి దుమ్ము రాకుండా తలుపులు మూశాను. కిటికీ మూయలేదు. గాలి ఆడాలి కదా.

జూన్ 20, శుక్రవారం

మళ్ళీ డాక్టరు దగ్గర. అంకె తగ్గలేదు. ఒక మెట్టు పైకెక్కింది కూడా.

"మాత్ర మానలేదుగా?"

"నా ఎదురుగానే మింగుతారు" అంది మా ఆవిడ.

"పొడి దగ్గేమైనా?"

"లేదు" అన్నాను. అబద్ధమేం కాదు. నాకు లేదు.

"విచిత్రంగా ఉందే" అని ఇంకో మాత్ర కలిపాడు. ఒంట్లోని అదనపు నీటిని, ఉప్పును మూత్రంలోకి తోసేసే రకం. ఇప్పుడు పొద్దున్నే రెండు. దవడకు ఒకటి చొప్పున సరిపోయాయి.

జూన్ 27, శుక్రవారం

బట్టల కొట్లో లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయిందట. లోపల కొట్టు యజమాని, ఆయన అత్తగారు. బాగుచేయడానికి మా వాణ్ణి పిలిచారు. తలుపు సగం తెరిచి, "ఒక్క నిమిషం" అని పరిగెత్తాడట. వచ్చి ఇంకాస్త తెరిచి, "ఒక్క నిమిషం" అని మళ్ళీ పరిగెత్తాడట. అలా ఎన్నిసార్లో. ఆ సందులోంచి అత్తగారు తిట్టిన తిట్లన్నీ మా వాడు భోజనాల దగ్గర దగ్గుకుంటూ చెప్పాడు.

"ఏరా, నీళ్ళు ఎక్కువ తాగుతున్నావా?" అంది మా ఆవిడ.

వాడు నావైపు చూశాడు. అదోలా, చల్లగా చూశాడు. "ఏం లేదక్కా. బావకి తెలుసులే" అన్నాడు.

అంతా బయటపెడతాడనుకున్నాను. కాని వాడు పెరుగు కలుపుకున్నాడు.

జూలై 4, శుక్రవారం

డాక్టరు ఈసారి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నా చేతికి బీపీ పట్టీ రెండుసార్లు బిగించాడు, కుడి ఒకసారి, ఎడమ ఒకసారి. అంకె కొండెక్కి కూచుంది.

"రెండు మందులు. ఒక్కటీ పని చెయ్యలేదు. ఒక్క దుష్ఫలితం కూడా లేదు. దగ్గు లేదు, మూత్రం మామూలే. మాష్టారూ, మీరు సామాన్యులు కారు. మీ శరీరం మందుల్ని లెక్కచేయట్లేదు" అన్నాడు.

ఇలాంటి మాట నాతో ఇంతవరకూ ఎవరూ అనలేదు.

మూడో మాత్ర రాశాడు. గుండె వేగాన్ని తగ్గించే రకం. ఇంటికి వస్తూ అద్దాల షాపు దగ్గర ఆగి నన్ను నేను చూసుకున్నాను. లెక్కచేయని శరీరం. నిజమే, చిన్నప్పుడు కూడా నాకు జలుబు తొందరగా తగ్గేది కాదు. మొండి ఒళ్ళు. మందులు దీన్నేం చేస్తాయి?

ఇక్కడొక చిన్న విషయం ఉంది, ఆ మందులు ఇంతవరకూ నా ఒంట్లోకి వెళ్ళలేదు. కాని వెళ్ళినా పని చేసేవి కావనే నా అనుమానం.

జూలై 10, గురువారం

బావమరిది మారిపోయాడు. నెమ్మదించాడు. ఒంట్లో బాగోలేదని ఒక్కసారి కూడా అనడం లేదు. ఆదివారం తన రేడియో తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఆ రేడియోను ఎవరు ముట్టుకున్నా ఊరుకునేవాడు కాదు. "నీ దగ్గరుంటే బావుంటుంది బావా" అన్నాడు. మంచి చొక్కాలు రెండు వాచ్‌మన్‌కి ఇచ్చేశాడు. అక్క దగ్గర కూచుని, చిన్నప్పుడు ఆవిడ రిబ్బను కత్తిరించింది తనే అని ఒప్పుకున్నాడు. ఆవిడ నలభై ఏళ్ళుగా ఆ నేరం పిన్ని కూతురి మీద వేస్తూ వచ్చింది.

మెట్లెక్కుతూ మధ్యలో గోడ పట్టుకుని ఆగాడు. చేతులు చల్లగా ఉన్నాయి.

వయసు వస్తే మనుషులు మెత్తబడతారు.

జూలై 12, శనివారం

కిటికీ గట్టు మీద పెట్టాను. అంతే.

జూలై 14, సోమవారం

ఈరోజు పెట్టలేదు. మూడు మాత్రలూ తిన్నగా కాలవలో పడేశాను. పడేశాక హాయిగా అనిపించింది, గొడవ వదిలిపోయిందనుకున్నాను.

కాసేపటికి పెరట్లోకి చూస్తే వాడు గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఖాళీ గట్టును చూస్తున్నాడు. వేలితో ఇటు నుంచి అటు తడిమాడు. కింద పడిందేమోనని వంగి చూశాడు. లేచేటప్పుడు తూలాడు. నన్ను పిలవలేదు, అడగలేదు. గ్లాసు అక్కడే పెట్టి పనికి వెళ్ళిపోయాడు.

రోజంతా ఆ గ్లాసు అక్కడే ఉంది. క్లాసులో బోర్డు మీద ఏదో రాసి మధ్యలో ఆగిపోయాను.

జూలై 15, మంగళవారం

గుండె వేగాన్ని తగ్గించే మాత్రను ఉన్నట్టుండి మానేస్తే ప్రమాదం. గుండె ఒక్కసారిగా ఎదురు తిరుగుతుంది. ఈ సంగతి ఎన్ని బ్యాచీలకు చెప్పానో. అందుకని మళ్ళీ పెట్టాను. ఇది వాడి మంచి కోసమే. మెల్లగా తగ్గించి మానిపించాలి. దానికొక పద్ధతి ఉంటుంది, ఆలోచిస్తాను.

మధ్యాహ్నం డాక్టరు ఫోన్ చేశాడు. శుక్రవారం చూసిన అంకె కూడా దిగలేదని, మూడో మాత్ర మోతాదు రెట్టింపు చేయమన్నాడు. ఇంకో కబురు. నర్సింగ్ స్కూల్లో మొండి రక్తపోటు మీద ఉపన్యాసం ఇస్తాడట. ప్రిన్సిపల్ మేడం ఒప్పుకుందట. ఉదాహరణ నేనే.

జూలై 19, శనివారం

స్కూల్లో లిఫ్టు ఆగిపోయింది. ఉపన్యాసం పై అంతస్తు హాల్లో. "డాక్టరుగారిని మెట్లెక్కిస్తామా? మీ బావమరిదిని పంపించండి మాష్టారూ" అంది ప్రిన్సిపల్ మేడం.

వేరేవాణ్ణి పిలవండి అని నాలుక చివరి దాకా వచ్చింది. ఎందుకని అడుగుతుంది. ఏం చెప్పాలి? నీళ్ళు నమిలి, సరేనన్నాను.

జూలై 22, మంగళవారం

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూచుని రాస్తున్నాను. చేతికి ఏదో పని ఉండాలి.

హాలు నిండింది. మా ఆవిడ ముందు వరసలో కూచుంది. డాక్టరు తెర మీద గీతలు చూపించాడు. మొదటి మందు, అంకె పైకి. రెండో మందు, ఇంకా పైకి. మూడోది, రెట్టింపు, ఈ పొద్దున చూస్తే ఇంకా పైకి. "ఈ శరీరం ఎవరిదో చెప్పను" అని నావైపు చేయి చాపాడు. అందరూ వెనక్కి తిరిగారు. లేచి నిలబడ్డాను. చప్పట్లు కొట్టారు. నా జన్మలో అన్ని చప్పట్లు వినలేదు. నమస్కారం కూడా పెట్టాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు ఎక్కడైనా దూరి దాక్కోవాలనిపిస్తోంది.

చప్పట్లు ఆగాక కూడా ఒక మోత ఆగలేదు. లిఫ్టు గంట. ఎవరో లోపలినుంచి దాని మీద భుజం ఆనించినట్టు ఒకటే మోగుతోంది.

లిఫ్టు తలుపులు తెరుచుకునే ఉన్నాయి. వాడు లోపల నేల మీద, మీటల గోడకు ఆనుకుని కూచున్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. ఒక చేతిలో స్క్రూడ్రైవరు. లిఫ్టు బాగైపోయింది, లైట్లు వెలుగుతున్నాయి. నిన్నంతా పై అంతస్తులో గోతి అంచున నిలబడి పనిచేశాడని తరవాత తెలిసింది. అక్కడే కళ్ళు తిరిగి ఉంటే? ఆ మాట పూర్తి చేయలేను.

డాక్టరు మణికట్టు పట్టుకున్నాడు. మొహం మారిపోయింది. "నాడి ఇంత నెమ్మదా! ఈయన ఏం మందులు వాడతారు?"

"మందులా? వాడికి ఏ జబ్బూ లేదండీ. వాడి మాటలన్నీ ఉత్తవే. ఏ మందూ వాడడు" అంది మా ఆవిడ, వాడి తల ఒళ్ళో పెట్టుకుని.

నేను అక్కడే ఉన్నాను. చుట్టూ నా విద్యార్థులు.

అంబులెన్సులో కూడా చెప్పలేదు. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ఆ గొంతే, మాత్రకు బిగుసుకున్నట్టే బిగుసుకుంది.

క్యాజువాలిటీలో డాక్టరు గబగబా చెబుతున్నాడు. మందులేవీ లేకుండా గుండె ఇంత మందగించిందంటే దాని కరెంటు వ్యవస్థలోనే లోపం ఉండి ఉంటుంది, మెడ దగ్గర సిరలోంచి గుండెలోకి తీగ దించాలి, తరవాత బహుశా పేస్‌మేకర్. నర్సు ట్రే తెస్తోంది. నా పాత విద్యార్థిని, నన్ను చూసి తల వంచి పలకరించింది. మా వాడి మెడకు దూదితో మందు రాస్తున్నారు. వాడు కళ్ళు తెరిచి నన్ను చూశాడు. చూసి, చిన్నగా నవ్వాడు.

"నా మాత్రలు మింగాడు" అన్నాను.

"ఏంటి?"

"నావి. వాడు మింగాడు."

"ఏ మాత్రలు?"

"అన్నీ."

"ఎప్పట్నుంచి?"

"మీరు మొదలుపెట్టిన దగ్గర్నుంచి."

డాక్టరు నన్ను చూశాడు. "మరి మీరు?"

"నేనేమీ మింగలేదు."

"అంటే నా కేసు..." అన్నాడు డాక్టరు, బొమ్మ విరిగిన పిల్లాడిలా. వెంటనే తేరుకున్నాడు. ట్రే వెనక్కి పంపాడు. మాత్ర పేరు, మోతాదు అడిగాడు. చెప్పాను. ఏ ఇంజెక్షన్లు కావాలో కేకేశాడు. సిరలోకి ఎక్కించారు. వాటిలో రెండు నా పాఠంలో ఉన్నవే. తెర మీద గీతలు మెల్లగా దగ్గరయ్యాయి.

మా ఆవిడ నావైపు తిరిగింది. ఏదో అనబోయింది. ఆవిడ మెడలోని ఈల అందుకుని నోట్లో పెట్టుకుని ఊదింది. ఆసుపత్రి మొత్తం ఉలిక్కిపడింది. ఒక వార్డుబాయ్ తోస్తున్న బండి వదిలేసి గోడకు అతుక్కుపోయాడు. ఆవిడ ఊపిరి అయిపోయేదాకా ఊది, కూలబడి ఏడ్చింది.

ఐదింట్లో నాలుగు కరెక్టయితే సున్నా. క్లాసులో దిద్దాలి.

జూలై 24, గురువారం

వాడు లేచి కూచున్నాడు. నాడి బాగుంది. డాక్టరు లోపల ఉన్న మందంతా దిగిపోయేదాకా కదలనివ్వనన్నాడు.

మా ఆవిడ గదిలోంచి బయటికి వెళ్ళాక వాడి మంచం పక్కన కూచున్నాను. క్షమించమందామని వచ్చాను. మాటలు కూడగట్టుకుంటుంటే వాడే మొదలుపెట్టాడు.

"బావా, ఇంక దాచకు. ఏం జబ్బు నాకు?"

"జబ్బేమిటి?"

"నువ్వు కనిపెట్టావుగా. నాకు చెప్తే భయపడతానని చెప్పకుండా రోజూ కిటికీ దగ్గర పెట్టేవాడివి. మొదట ఒకటి. తర్వాత రెండు. తర్వాత మూడు. అప్పుడే అనుకున్నా, ముదురుతోందని. నేనేమైనా అడిగానా? నువ్వు అంత పాఠాలు చెప్పేవాడివి, ఊరికే ఇస్తావా?"

నేను నేల చూశాను.

"అవి కొంచెం తడిగా కూడా ఉండేవి. నా గొంతు పట్టుకోకుండా నువ్వే నానబెడుతున్నావనుకున్నా" అన్నాడు. "ఒకరోజు పెట్టలేదు చూడు, ఆ రోజు మాత్రం చాలా భయమేసింది బావా. ఇంక మందు కూడా పని చెయ్యదని వదిలేశాడు కాబోలు అనుకున్నా."

రేడియో ఎందుకిచ్చాడో, చొక్కాలు ఎందుకిచ్చాడో, రిబ్బను సంగతి ఎందుకు ఒప్పుకున్నాడో అప్పుడు తెలిసింది. వాడు ఇన్నాళ్ళూ చావుకు సిద్ధమవుతున్నాడు. నోరెత్తకుండా, నన్ను ఇబ్బంది పెట్టకుండా, మర్యాదగా సిద్ధమవుతున్నాడు. ప్రతి చిన్న నొప్పికీ ఇల్లెక్కి అరిచేవాడు, చావు వచ్చిందనుకున్నాక ఒక్క మాట అనలేదు.

"నీకు ఏ జబ్బూ లేదురా. ఆ మాత్రలు నావి. నేను మింగలేక దాచాను. నువ్వు తింటావని నాకు తెలుసు. తెలిసే పెట్టాను" అన్నాను. రాయడానికే చేయి రాని మాటలు నోటితో అన్నాను.

వాడు కిటికీ వైపు చూశాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"అంటే నాకేం లేదా?" అన్నాడు.

"ఏం లేదు."

"నిజంగానా?"

"నిజంగా."

"నువ్వు నన్ను పట్టించుకున్నావనుకున్నా బావా" అని దుప్పటి మీదికి లాక్కుని గోడ వైపు తిరిగాడు.

జూలై 26, శనివారం

మా ఆవిడ మాట్లాడడం లేదు. అన్నం పెడుతుంది. వేళకు చేయి చాపి పళ్ళెం చూపిస్తుంది.

కిటికీ గట్టు కడిగాను.

జూలై 29, మంగళవారం

వాడిని ఇంటికి పంపేముందు డాక్టరు నన్ను కూచోబెట్టి పట్టీ బిగించాడు. అంకె చూసి, ఈసారి కేకలేం వేయలేదు. మెల్లగా మాట్లాడాడు. కంటి వెనక సన్నని నాళాలు అప్పుడే దెబ్బతిన్నాయట. ఇన్నాళ్ళూ ఏమీ కాకపోవడం నా గొప్ప కాదట. ఇంకా ఇలాగే ఉంటే మెదడులో ఏదో ఒకటి చిట్లుతుందట, ఆ రోజు ఏదో ఎవరూ చెప్పలేరట.

అంకె ఇక్కడ రాస్తున్నాను. రెండు వందల పది, నూట ఇరవై. నాది.

మొదటినుంచి, మొదటి మాత్రతో మళ్ళీ మొదలుపెడతానన్నాడు. పక్కన చక్రాల కుర్చీలో ఉన్న మా బావమరిది గొంతు సవరించుకున్నాడు. ఆసుపత్రిలో అయిదు రోజులుగా నాతో మాట్లాడనివాడు.

"అది వద్దు డాక్టరుగారూ. దానితో దగ్గు ఆగదు. బావ రోజంతా పాఠం చెప్పాలి. రెండోది బెటరు. దానితో పరుగులే, ప్రాణానికేం కాదు" అన్నాడు.

డాక్టరు వాడి మాటే రాశాడు. లోకంలో నా మందుల గురించి అనుభవం ఉన్నవాడు వాడొక్కడే.

ఆగస్టు 2, శనివారం

మింగాను.

మా ఆవిడ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి గుమ్మం దగ్గర నిలబడింది. బావమరిది నా ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. మాత్ర నాలుక మీద పెట్టుకోగానే మళ్ళీ ఆ బొమ్మలన్నీ వచ్చాయి, పేర్లతో సహా. భయం వేసింది. మాత్రంటే భయం కాదు. ఇది గొంతు దిగితే నేను కూడా అందరిలాంటివాణ్ణే, ఎప్పుడో ఒకప్పుడు పోయేవాణ్ణే. ఇన్నాళ్ళూ అది పాఠంలో ఉండేది. నేను బోర్డుకు ఇవతల ఉండేవాణ్ణి.

"దారి గురించి ఆలోచించకు బావా. నీళ్ళ గురించి ఆలోచించు. నేనలాగే చేసేవాణ్ణి" అన్నాడు వాడు.

తాగాను. వెళ్ళిపోయింది.

"నోరు తెరువు" అన్నాడు. నాలుక చూశాడు. తరవాత వేలితో దవడ కుడివైపు లాగి చూశాడు, ఎడమవైపు లాగి చూశాడు. "అక్కా, దిగింది" అన్నాడు. మా ఆవిడ ఈల కొనను పెదాలకు ఆనించి చిన్నగా ఒక్క కూత వేసింది. పది రోజుల్లో నాతో అన్న మొదటి మాట అదే.

కాసేపటికి మొదలైంది. ఒకసారి. మళ్ళీ. మూడోసారి వెళ్ళేసరికి కాళ్ళు తేలిపోతున్నట్టుంది. బాత్రూం గొళ్ళెం పెట్టుకుని గోడ పట్టుకుని నిలబడ్డాను.

తలుపు అవతల కుర్చీ లాగిన చప్పుడైంది.

"కళ్ళు తిరుగుతున్నాయా?" అన్నాడు వాడు.

"కొంచెం."

"లేచేటప్పుడు గబుక్కున లేవకు. గోడ పట్టుకుని లే. అరటిపండు తిను, పిక్కలు పట్టేస్తాయి లేకపోతే. వారం ఇలాగే ఉంటుంది, తర్వాత నీకే అలవాటవుతుంది."

"భయంగా ఉందిరా" అన్నాను. ఆ మాట ఎవరితోనైనా అనడం అదే మొదటిసారి.

"ఉంటుంది బావా. నేనిక్కడే కూచున్నాగా" అన్నాడు. మళ్ళీ అన్నాడు, "నాకప్పుడు చెప్పేవాళ్ళు లేరు."

చాలాసేపు తలుపు తీయలేకపోయాను.